మనసు ముందు దాటిన సంద్రం

మన శ్రీకాకుళం తీరంలో భావనపాడు ఒడ్డున నిలబడి, సంద్రానికి వీపు పెట్టి ఉత్తరం వైపు చూస్తే, ఆకాశం తేటగా ఉన్న పూట దూరంగా నీలంగా కొండల వరస కనిపిస్తుంది. అందులో అన్నిటికన్నా ఎత్తయినది మహేంద్రగిరి. ఎత్తు 1,501 మీటర్లు. శిఖరం ఒడిశాలో ఉంది, పాదాలు మన మందస వైపు దిగుతాయి. హనుమంతుడు లంకకు దూకింది మహేంద్ర పర్వతం మీంచి అని వాల్మీకి చెబుతాడు. ఆయన చెప్పిన కొండ దక్షిణ సముద్రం ఒడ్డున ఉన్నది. మన కొండ పరశురాముడి తపస్సుతో ముడిపడినది. రెండూ ఒకటేనని నేను అనను. అయినా ఆ పేరుగల కొండను రోజూ చూస్తూ, సంద్రాన్ని రోజూ దాటుతూ బతికేవాళ్ళకు ఆ కథ మీద మిగతావాళ్ళ కన్నా కాస్త ఎక్కువ హక్కు ఉందని నా నమ్మకం. అందుకే ఈవేళ మాట్లాడబోయే విషయానికి ఆ కథనే ఆధారం చేసుకుంటున్నాను. మనిషి తనను తాను బాగుచేసుకోవడానికి కళ్ళు మూసుకుని చూసే చూపు, దేవుడి మీద పెట్టుకున్న నమ్మకం, ఈ రెండూ ఎలా పనికొస్తాయి, ఎప్పుడు పనికిరావు అన్నదే విషయం.

కిష్కింధకాండ చివర ఒక ఘట్టం ఉంది. సీతను వెతకబోయిన వానరులు సంద్రాన్ని చూసి కూలబడ్డారు. ఎవరెన్ని యోజనాలు దూకగలరో ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. అంగదుడు నూరు యోజనాలూ దాటగలనన్నాడు గాని తిరిగి రాగలనో లేదో అనుమానమన్నాడు. అప్పుడు జాంబవంతుడు ఓ మూల మాటాపలుకూ లేకుండా కూర్చున్న హనుమంతుడి దగ్గరకు వెళ్ళి, అతను ఎవరి బిడ్డో, చిన్నప్పుడు సూర్యుడి కోసం ఎంత ఎత్తుకు ఎగిరాడో గుర్తుచేశాడు. హనుమంతుడు లేచాడు, పెరిగాడు, కొండ ఎక్కాడు. దూకడానికి ముందు మనసును కుదుటపరచుకుని, ఆ మనసుతో లంకకు వెళ్ళిపోయాడు. వాల్మీకి అక్కడితో ఆ కాండ ముగిస్తాడు. ఒళ్ళు ఇంకా ఈ ఒడ్డునే ఉంది. అసలు దూకడం తరువాతి కాండలో.

ఈ చిన్న సంగతి మీద మనవాళ్ళు పెద్దగా ఆగరు. కష్టం వస్తే సుందరకాండ పారాయణ పెట్టించుకుంటాం. పెళ్ళి కుదరకపోతే, కొలువు దొరక్కపోతే, ఇంట్లో జబ్బు ఉంటే, పుస్తకం పీట మీద పెట్టి, దీపం వెలిగించి చదువుతాం. చదవడం మంచిదే. హనుమంతుడు ఆ కాండలో ఏం చేశాడో కూడా చూడాలి గదా. దూకే ముందు సూర్యుడికి, ఇంద్రుడికి, వాయువుకి, బ్రహ్మకి చేతులు జోడించాడు. జోడించి ఊరుకోలేదు. లంకలో సీత కనబడకపోతే అదే వేగంతో స్వర్గానికి పోయి వెతుకుతానన్నాడు. అక్కడా కనబడకపోతే రావణుణ్ణి కట్టి తెస్తానన్నాడు. ఇలా జరక్కపోతే అలా చేస్తాను, అలా కుదరకపోతే ఇంకోలా చేస్తాను అని నోటితో చెప్పి, తోటివాళ్ళ ముందు మాట ఇచ్చి బయలుదేరాడు. దండం పెట్టడం, దారి ముందే చూసుకోవడం, అడ్డం వస్తే ఏం చెయ్యాలో అనుకుని ఉంచుకోవడం, మూడూ ఒక్కచోట ఉన్నాయి.

అడ్డాలు వచ్చాయి కూడా. మైనాకుడు వచ్చి కాసేపు విశ్రాంతి తీసుకోమన్నాడు. సురస నోరు తెరిచింది. సింహిక నీడ పట్టుకుని లాగింది. వీటన్నిటికన్నా పెద్ద అడ్డం లంక లోపల ఎదురైంది. రాత్రంతా వెతికాడు. మేడలు, మిద్దెలు, పానశాలలు, రావణుడి అంతఃపురం, అన్నీ చూశాడు. సీత లేదు. అప్పుడు హనుమంతుడంతటివాడు దిగులుపడ్డాడు. వెళ్ళి ఏమని చెప్పను, చెప్తే రాముడు బతుకుతాడా, నేను చచ్చిపోతేనే నయమేమో అన్నంత దూరం ఆలోచన పోయింది. వాల్మీకి దాన్ని దాచలేదు. ఆ దిగులు నడి మధ్యలో హనుమంతుడికి ఇంకా వెతకని తోట ఒకటి ఉందని తోచింది. రాముడికి, లక్ష్మణుడికి, సీతకు, దేవతలందరికీ మొక్కాడు. మళ్ళీ మనసుతో ముందు ఆ అశోకవనానికి వెళ్ళాడు. ఆ తరువాతే గోడ మీదికి దూకాడు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు ఘట్టాల మధ్య ఉంది. అక్కడ నమ్మకం చేసిన పని సీతను తెచ్చి చేతిలో పెట్టడం కాదు. వెతకని చోటు ఇంకొకటి ఉందని చూడగలిగే బలం ఇచ్చింది.

ఈ రోజుల్లో కళ్ళు మూసుకుని కావలసినది ఊహించుకోండి, అది మీ దగ్గరకు నడిచి వస్తుంది అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. సెల్‌ఫోన్ తెరిస్తే చాలు. మేడ ఊహించుకో, కారు ఊహించుకో, ర్యాంకు ఊహించుకో, గట్టిగా నమ్ము అంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో తూచి చూసినవాళ్ళు ఉన్నారు. 1999లో షెల్లీ టేలర్, లియెన్ ఫామ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, పరీక్షకు చదువుతున్న విద్యార్థుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. కొందరిని పరీక్ష ముందు రోజుల్లో రోజూ కొన్ని నిమిషాలు తమకు మంచి మార్కు వచ్చినట్టు, ఆ ఆనందంలో తేలిపోతున్నట్టు ఊహించుకోమన్నారు. మరికొందరిని తాము పుస్తకం ముందు కూర్చున్నట్టు, టీవీ ఆపేసినట్టు, పాఠం చదివి రాసుకుంటున్నట్టు ఊహించుకోమన్నారు. రెండో రకం ఊహ చేసినవాళ్ళు ఎక్కువ చదివారు, వాళ్ళకే మార్కులూ ఎక్కువ వచ్చాయి. మార్కు వచ్చేసినట్టు కలగన్నవాళ్ళ చదువు గంటలు తగ్గిపోయాయి.

దీనికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన పని జర్మన్ శాస్త్రవేత్త గాబ్రియేల్ ఓటింగెన్ చేసింది. 1991లో థామస్ వాడెన్ అనే ఆయనతో కలిసి, ఒళ్ళు తగ్గించుకోవాలని చికిత్సలో చేరిన స్త్రీలను ఏడాదిపాటు గమనించింది. తగ్గగలం అన్న నమ్మకం ఉన్నవాళ్ళు ఎక్కువ తగ్గారు. తగ్గిపోయి, నాజూగ్గా అయిపోయి, తిండి చూసినా నోరూరనట్టు తియ్యటి ఊహల్లో ఉన్నవాళ్ళు తక్కువ తగ్గారు. నమ్మకం ఒకటి, తియ్యటి ఊహ మరొకటి. మనం ఈ రెండింటినీ ఒకే గంపలో వేసేస్తాం. ఆమే తరువాత 2011లో హీథర్ కాపెస్ అనే సహచరితో కలిసి మరో సంగతి బయటపెట్టింది. అంతా సాధించేసినట్టు ఊహించుకుంటే ఒంట్లో చురుకు తగ్గుతుంది, రక్తపోటు కూడా దిగుతుంది. మనసు పని అయిపోయిందనుకుని నడుం వాలుస్తుందన్నమాట. అందుకని ఆమె చెప్పే పద్ధతి, కోరుకున్నది చూసుకో, వెంటనే దానికి నీలోనే ఉన్న అడ్డం చూసుకో, అది ఎదురైనప్పుడు ఏం చేస్తావో ఒక్క మాటలో అనుకుని పెట్టుకో అని. సుందరకాండ చదివినవాళ్ళకు ఇందులో కొత్త ఏముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, సంతోషమూ వేసింది.

ఊహ ఒంటిమీద పనిచేస్తుందనడంలో మాత్రం అనుమానం లేదు. 1995లో ఆల్వారో పాస్కువల్ లియోన్ అనే వైద్యుడు, పియానో రాని మనుషులకు ఐదు వేళ్ళ చిన్న సాధన ఒకటి నేర్పాడు. కొందరు ఐదు రోజులు రోజుకు రెండు గంటలు వాయించారు. కొందరు అంతే సేపు వేళ్ళు కదపకుండా మనసులోనే వాయించారు. వేళ్ళను ఆడించే మెదడు భాగంలో రెండు రకాలవాళ్ళకూ ఒకేలాంటి మార్పు కనిపించింది. వాయించడంలో మాత్రం మనసులో వాయించినవాళ్ళు వెనకబడ్డారు. ఆ తరువాత ఒక్క పూట చేతితో వాయించగానే అందుకున్నారు. మనసు చేసే సాధన నిజమే గాని చెయ్యి కలిస్తేనే దాని లెక్క తేలుతుంది.

మన జిల్లాలోనే దీనికి నిలువెత్తు సాక్ష్యం ఉంది. ఆముదాలవలస దగ్గర ఊసవానిపేట. అక్కడ పెరిగిన కరణం మల్లేశ్వరి. నీలంశెట్టి అప్పన్న మాస్టారి దగ్గర బరువులెత్తడం నేర్చుకుంది. 1994లో, 1995లో ప్రపంచ విజేత అయింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు బరువులెత్తే పోటీ మొదటిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. ఆ ఏడాది సెప్టెంబరు 19న ఆమె 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ స్త్రీ మన శ్రీకాకుళం బిడ్డ. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు అడిగింది. అది లేచి ఉంటే స్వర్ణం. లేవలేదు. స్వర్ణ, రజతాలు తెచ్చుకున్న ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే. బరువులెత్తేవాళ్ళను ఎప్పుడైనా గమనించండి. ఇనుప కడ్డీ ముందుకు వచ్చి ఒక్క క్షణం నిలబడతారు. చేతులు ఎక్కడ పట్టాలి, ఊపిరి ఎక్కడ బిగించాలి, మోకాళ్ళు ఎప్పుడు లేపాలి, అంతా లోపల ఒకసారి జరిగాక ఒంగుతారు. కొందరు నేలకు దండం పెడతారు. ఆ క్షణంలో పతకం గురించి తలచుకుంటే బరువు లేవదు.

ఆమెకు ముందే వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గుండె మీద ఏనుగును నిలబెట్టి, ఛాతీకి చుట్టిన గొలుసును ఊపిరి బిగించి తెంపి, కలియుగ భీముడనిపించుకున్నాడు. ఆయన బలానికి మూలం ప్రాణాయామం, నియమం, నిష్ఠ. రోజూ ఊపిరితో చేసిన పనే ప్రదర్శన రోజున జనానికి అద్భుతంలా కనిపించింది.

ఇప్పుడు మళ్ళీ భావనపాడు ఒడ్డుకు వద్దాం. తెల్లారకముందు వేటకెళ్ళే మనిషి పడవ ముందు గంగమ్మ తల్లికి దండం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కెరటాల వైపు చూస్తూ నిలబడతాడు. పెద్ద కెరటాలు వరసగా వస్తాయి, ఆ తరువాత కాస్త నెమ్మది. ఆ నెమ్మదిలో పడవ తొయ్యాలి. తొయ్యకముందు ఆ దాటే దారి అతనికి కంటిముందు కదలాలి. గంగమ్మ ఉందని కెరటం చూడకుండా తోసేవాడు లేడు. కెరటం చూడగలనని గంగమ్మకు మొక్కనివాడూ అరుదే. చదువుకున్నవాళ్ళం మనం ఇది మూఢమా, అది శాస్త్రమా అని రెండు వైపులా నిలబడి వాదించుకుంటాం. పడవ మీద ఆ వాదన జరగదు. అక్కడ దండమూ చూపూ ఒకే మనిషి చేసే రెండు పనులు. ఇదే నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించే విశ్వాసం.

ఈ చూపునే సంద్రం మీద కాకుండా తన మీద పెట్టుకోవడం కష్టం. అందుకు మన ఊళ్ళల్లో ఒక పెద్ద సాధనం ఉంది. మాల వేసుకోవడం.

కార్తీకం వచ్చేసరికి మన తీరంలో ఏ ఊరు వెళ్ళినా నల్లబట్టలు కనిపిస్తాయి. 41 రోజుల అయ్యప్ప మండల దీక్ష. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, కాళ్ళకు చెప్పుల్లేవు, మందు లేదు, మాంసం లేదు. వేటకు పోయి చేప పట్టే ఇంట్లో చేప ముట్టకుండా ఉండటం చిన్న సంగతి కాదు. ఈ నియమాలన్నిటికన్నా గొప్పది పిలుపు. మాల వేసుకున్న మనిషిని తల్లి, పెళ్ళాం, పిల్లలు, అప్పిచ్చినవాడు, పోలీసు, అందరూ స్వామీ అంటారు. అతను కూడా ఎదుటివాణ్ణి స్వామీ అంటాడు. నిన్నటిదాకా నలుగురి ముందు తూలిన మనిషిని ఊరంతా కలిసి దేవుడి పేరుతో పిలుస్తుంటే, అతను అద్దంలో కొత్త మనిషిని చూసుకుంటాడు. మనసులో బొమ్మ కట్టుకోవడం అంటే ఇంతకన్నా బలమైనది నాకు తెలియదు. ఒక్కడే గదిలో కూర్చుని కళ్ళు మూసుకుని చేసేది కాదు. ఊరు మొత్తం అతని కోసం ఆ బొమ్మ పట్టుకుని నిలబడుతుంది. సాయంత్రం భజన, శరణుఘోష, పడిపూజ, వంతులవారీగా భిక్ష, ఏ గంటా ఖాళీ ఉండదు. మందుకు వెళ్ళే గంట ఏదో, ఆ గంటలోనే పూజ ఉంటుంది. పాత అలవాటు నిలబడే చోటు మీదే కొత్తది కూర్చుంటుంది. మా పెద్దలు దీన్ని ఎవరి దగ్గరా చదువుకోకుండానే అమర్చిపెట్టారు.

నా బాధంతా 42వ రోజు గురించి. ఇరుముడి కట్టి, శబరిమల వెళ్ళి, పద్దెనిమిది మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, ఇంటికి వచ్చి మాల తీసిన రాత్రే సీసా పట్టుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పెళ్ళాల ముఖాలు చూసినవాళ్ళు ఎవరూ దీన్ని తేలిగ్గా మాట్లాడలేరు. 41 రోజులు ఆ ఇంట్లో పిల్లలు నిద్రపోయారు. తండ్రి తలుపు తట్టే చప్పుడుకు ఉలిక్కిపడలేదు. అది మళ్ళీ మొదలవుతుంది. భక్తి లేక ఇలా జరుగుతుందని కొందరంటారు. నేనలా అనుకోను. ఆ 41 రోజులు అతని భక్తి నిజం. చన్నీళ్ళు నిజం, ఆకలి నిజం. లేనిది ఒక్కటే. మాల తీసిన తరువాతి సాయంత్రాన్ని అతను ఒక్కసారి కూడా కళ్ళారా చూసుకోలేదు. అతని ఊహ పద్దెనిమిదో మెట్టు దగ్గర ఆగిపోయింది. స్వామి దర్శనం అయ్యాక జీవితం దానంతటదే మారిపోయి ఉంటుందనుకున్నాడు.

మంచి గురుస్వాములకు ఈ సంగతి తెలుసు. తిరుగు ప్రయాణంలో, బండిలో, అలసి కునికిపాట్లు పడుతున్న కన్నెస్వామిని లేపి అడుగుతారు. “సామీ, మాల తీసీసిన మర్నాడు సాయంత్రం నువ్వెక్కడుంటావు? ఏ దారినెల్తావు? ఆ దారిలో నిన్నెవులు పిలుస్తారు? నువ్వేటంటావు?” మొదట, “ఇక ముట్టను గురుసామీ, అయ్యప్ప మీద ఒట్టు” అంటాడు కుర్రాడు. “ఒట్టు సంగతి తరవాత. దారి సెప్పు” అంటాడు ఆయన. ఒడ్డు నుంచి ఇంటికి ఏ సందులోంచి వెళ్ళాలి, వల కడిగాక డబ్బు ఎవరి చేతికివ్వాలి, సావాసగాడు భుజం మీద చెయ్యి వేస్తే ఏ మాటతో తప్పుకోవాలి, ఇవన్నీ చెప్పించేదాకా వదలడు. చెప్పలేని కుర్రాడికి ఆయన ఇంకో పది రోజులు మాల ఉంచుకోమన్నా నాకు ఆశ్చర్యం లేదు.

ఇది ఒక్క అయ్యప్ప దీక్షకే కాదు. భవానీ మాల వేసుకున్నవాళ్ళకూ, శివదీక్ష పట్టినవాళ్ళకూ, ఉపవాస ప్రార్థనలు చేసే క్రైస్తవులకూ, రంజాన్ ఉపవాసాలుండే ముస్లిములకూ పనికొచ్చే ప్రశ్నే. పదహారో శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా అనే క్రైస్తవ గురువు తన శిష్యులకు రాసిచ్చిన ధ్యాన పద్ధతిలో, బైబిలు ఘట్టం చదివేటప్పుడు ఆ చోటును కళ్ళతో చూసినట్టు, మాటలు చెవులతో విన్నట్టు ఊహించుకోమంటాడు. అక్కడితో ఆగడు, రోజూ తన తప్పు తనే లెక్క చూసుకుని రేపటికి సర్దుకోమంటాడు. శంకరులదిగా చెప్పుకునే శివమానసపూజలో భక్తుడు ఆసనం, స్నానం, నైవేద్యం అన్నీ మనసుతోనే ఇస్తాడు. ఆ పూజ అద్భుతం. చివరికొచ్చేసరికి తన నిద్ర, నడక, మాట, చేసే ప్రతి పనీ పూజే అంటాడు. మనసులోది బయటి పనిలోకి దిగే మెట్టు అదే.

ఇంకో మాట నిక్కచ్చిగా చెప్పాలి. భావనపాడుకు ఎగువన ఉద్దానం ఉంది. మూత్రపిండాల జబ్బుతో దశాబ్దాలుగా అల్లాడుతున్న ప్రాంతం. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడి మనుషులకు ఎవరైనా వచ్చి, గట్టిగా నమ్మండి, ఆరోగ్యంగా ఉన్నట్టు ఊహించుకోండి, తగ్గిపోతుంది, తగ్గలేదంటే మీ నమ్మకంలో లోపం ఉంది అని చెబితే, అది పాపం. జబ్బు మనిషి మీద నేరం కూడా మోపడం అది. డయాలిసిస్ మంచం మీద పడుకున్న తల్లి చేతిలో తులసిమాల తిప్పుకుంటుంటే, అది ఆమెకు ఆ నాలుగు గంటలు గడిపే బలం. వారం తప్పకుండా బస్సెక్కే బలం. అంతవరకు ఆ మాలకు నేను మొక్కుతాను. మాల తిప్పుతున్నాను గనక ఆసుపత్రి మానేస్తానంటే ఆమె చెయ్యి పట్టుకుని బస్సెక్కించాలి, ఇంట్లోవాళ్ళే ఎక్కించాలి.

టెక్కలి పక్కన రావివలసలో ఎండల మల్లన్న ఉన్నాడు గదా. అంత పెద్ద లింగం, పైన కప్పు లేదు. గుడి కట్టబోతే వద్దన్నాడని, ఎండలోనే ఉంటానన్నాడని, భక్తులకు ఆరోగ్యం ఇస్తానన్నాడని స్థలపురాణం. కార్తీక సోమవారాల్లో ఆ ఎండలోనే వేలమంది వరుసలో నిలబడతారు. మన దేవుళ్ళల్లో నాకు ఈయన చాలా ఇష్టం. ఎండ తగలకుండా చూడమని ఆయన్ని అడగడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది? ఎండలో నిలబడే ఓపిక ఇమ్మని అడుగుతాం.

అలా ఎండలో నిలబడినవాళ్ళను మన తరం చూసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి, పనస ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. తాతల నాటి చెట్లు వరసగా పడి ఉన్నాయి. ఆ తరువాత రైతులు చేసిన పని చూడండి. వేళ్ళు తవ్వి తీశారు, గుంతలు తీశారు, కొబ్బరి మొక్కలు పెట్టారు. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడు ఏళ్ళు పడుతుంది. పెట్టినవాడికి ఆ చెట్టు పెద్దదై గెలలు వేసినట్టు మనసులో కనిపించకపోతే చెయ్యి గుంత దగ్గరకు పోదు. కనిపించినదాంతో ఆగితే మొక్క ఎండిపోతుంది. ఆ రైతు ఉదయం లేవగానే చూసుకునేది గెలను కాదు, ఆరోజు పొయ్యవలసిన బిందెడు నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో అన్నది. మధ్యలో ఇంకో తుపాను రావచ్చునని కూడా అతనికి తెలుసు. తెలిసే పెట్టాడు.

ఇక యువకులకు ఒక మాట. భావనపాడు పోర్టు అని ఏళ్ళ తరబడి విన్నాం. అది మూలపేట పోర్టుగా 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేసుకుంది. పోర్టులో కొలువు వస్తుందని, క్రేను ఎక్కుతామని, గుజరాత్ వేటకు వలస పోనక్కరలేదని మన కుర్రాళ్ళు ఊహించుకుంటున్నారు. ఊహించుకోండి, తప్పు లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం గనక పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో ఆ ఊహను కొంచెం దగ్గరగా చూడండి. క్రేను మీద కూర్చున్న మిమ్మల్ని చూసుకోవడం ఒక నిమిషం చాలు. మిగతా సేపు, పదో తరగతిలో పోయిన లెక్కల పేపరు మళ్ళీ కట్టడం, ఐటీఐలో చేరడానికి కావలసిన కాగితాలు తీసుకోవడం, ఉదయం బస్సుకు టెక్కలి వెళ్ళడం, క్లాసులో అర్థం కాకపోతే చెయ్యి ఎత్తి అడగడం, వీటిని చూసుకోండి. అడగడానికి సిగ్గేస్తుందని తెలుసు. ఆ సిగ్గు వేసే క్షణాన్నే ముందుగా చూసుకోండి, అప్పుడు నోట రావలసిన మాట ఒకటి తయారుగా పెట్టుకోండి. రాత్రి గంగమ్మకో, అయ్యప్పకో, యేసుకో, అల్లాకో మీ ఇంట్లో ఎలా మొక్కుతారో అలా మొక్కి, రేపు చెయ్యబోయే ఆ ఒక్క పనిని మొదటినుంచి చివరిదాకా మనసులో చేసి చూడండి. పొద్దున్న లేచి అదే చెయ్యండి. కుదరకపోతే ఆ రాత్రి దేవుడి ముందు కూర్చుని, ఎక్కడ తప్పిపోయిందో ఆ చోటు మళ్ళీ చూసుకోండి.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. పిల్లాడు పరీక్షకు పోయేముందు గుడికి తీసుకెళ్ళి ఫస్టు రావాలని మొక్కిస్తాం. ఈసారి మొక్కించేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడు ఏం చేస్తావు నాన్నా అని అడగండి. వాడు చెప్పేది ఓపిగ్గా వినండి. దాన్ని వదిలేసి తరువాతి ప్రశ్నకు వెళ్తాను, చివర్లో మళ్ళీ వస్తాను అంటే చాలు. ఆ మాట దేవుడి ముందు ఇంకోసారి చెప్పించి, కర్పూరం వెలిగించండి.